ఇంటికి ఏ మల్లె? గుండుమల్లె, దొంతర, సన్నజాజి, జాజి, కాగడాల మధ్య ఎంపిక

ఫాల్గుణం వచ్చేసరికి నర్సరీల ముందు మల్లె మొక్కలు బారులు తీరి కనిపిస్తాయి. నల్ల కవరులో జానెడు మొక్క, కొమ్మ చివర రెండు మూడు మొగ్గలు. ఆ మొగ్గలను చూసి మనసు పారేసుకుని కొనేవారే ఎక్కువ. ఏడాది తిరిగేసరికి అదే మొక్క నడుమెత్తు పెరిగి, ఆకులతో నిండిపోయి, వేసవి మొత్తానికి గుప్పెడు పూలైనా ఇవ్వకుండా నిలబడుతుంది. ఇలా జరగడానికి సగం కారణం చోటుకు తగని రకాన్ని ఎంచుకోవడమైతే, మిగతా సగం కత్తెర పట్టడానికి చేయి రాకపోవడం. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడినవి కాబట్టి, ఏ రకం మంచిదో చెప్పే ముందు మంచిని దేనితో కొలవాలో చెప్పడం అవసరం.

ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు ఎండ. మల్లె జాతికి రోజుకు ఆరు గంటలకు తగ్గని సూటి ఎండ కావాలి. వెలుతురు వేరు, ఎండ వేరు. ఒక సెలవు రోజున బాల్కనీలోనో పెరట్లోనో కుండీ పెట్టబోయే చోట ఎండ ఎప్పుడు మొదలై ఎప్పుడు తప్పుకుంటుందో గంట గంటకూ చూసి రాసుకుంటే, మనం అనుకున్నదానిలో సగమే పడుతున్నదని చాలామందికి తెలుస్తుంది. మూడు గంటలు కూడా ఎండ పడని చోట ఏ మల్లె తెచ్చినా ఆకుల కోసం పెంచుకున్నట్టే.

రెండవది, పూలు ఏ నెలల్లో కావాలన్నది. అన్నీ తెల్లగా, చిన్నగా ఉన్నంత మాత్రాన అన్నీ వేసవిలోనే పూయవు. మూడవది మొక్క స్వభావం: కొన్ని పొదలు, కొన్ని తీగలు, కొన్ని రెంటికీ మధ్యరకం. నాలుగవది పువ్వును ఏం చేయదలచుకున్నారన్నది. పూలజడకు గట్టి మొగ్గ కావాలి, మాలకు సంఖ్య కావాలి, దేవుడి పటానికి సాయంత్రం దాకా వాడని పువ్వు కావాలి, వరండాలో కూర్చునేవారికి వాసన కావాలి.

ఐదవది, అన్నిటికన్నా తక్కువగా ఆలోచించేది, కత్తిరింపు. ఈ జాతి పువ్వు ప్రధానంగా కొత్త చిగురు మీద వస్తుంది. పాత కొమ్మను అలాగే ఉంచితే పువ్వు తగ్గుతూ పోతుంది. ఏడాదికొకసారి పచ్చని మొక్కను మోకాలెత్తుకు నరకడానికి మనసొప్పనివారు అందుకు తగిన రకాన్నే ఎంచుకోవాలి.

నీటిని విడిగా లెక్కించలేదు. ఈ అయిదు రకాలకూ నేల ఆరాక తడిపితే చాలు, నీరు నిలిస్తే మాత్రం అయిదూ చస్తాయి.

పేరును నమ్మవద్దు, ఆకును చూడండి

మల్లెల పేర్లు ఊరు మారితే మారుతాయి. ఒక చోట సన్నజాజి అన్నదాన్ని ఇంకొక చోట జాజి అంటారు. విరజాజి అన్న పేరు రెంటికీ వాడేవారున్నారు. కాగడాను చలికాలపు మల్లె అని అమ్మేవారూ ఉన్నారు. అందుచేత ఈ వ్యాసంలో ఏ పేరుతో ఏ మొక్కను ఉద్దేశిస్తున్నానో ఆకు గుర్తుతో చెబుతాను.

గుండుమల్లె ఆకు ఒంటి ఆకు. వెడల్పుగా, నున్నగా, నిగనిగలాడుతూ కొమ్మకు ఎదురెదురుగా ఉంటుంది. దొంతర మల్లె కూడా అదే జాతి కాని, చాలాచోట్ల ఒక్కో కణుపు దగ్గర మూడేసి ఆకులు చుట్టూ వస్తాయి. సన్నజాజి ఆకును తొడిమ దగ్గర పట్టుకుని చూస్తే, పెద్ద ఆకు కింద రెండు పక్కలా చెవుల్లాంటి బుల్లి ఆకులు కనిపిస్తాయి. ఈ మొక్క శాస్త్రీయ నామం జాస్మినం ఆరిక్యులేటం; అందులోని రెండో మాటకు చెవులున్నదని అర్థం. జాజి ఆకు కరివేపాకు రెబ్బలాగా ఒకే ఈనెకు అయిదో ఏడో చిన్న ఆకులతో ఉంటుంది. మొగ్గ వెలుపల లేత గులాబి చార ఉంటుంది. కాగడా ఆకు ఒంటి ఆకే కాని, లేత కొమ్మ మీదా పూతొడిమ మీదా మెత్తని నూగు వేలికి తగులుతుంది.

ఈ గుర్తులు తెలియక నేనే ఒకసారి మోసపోయాను. గుండుమల్లె అని చెప్పి అమ్మిన మొక్కను ఇంటికి తెచ్చాక కొమ్మ తడిమితే నూగు తగిలింది. మార్గశిరం దాకా ఒక్క మొగ్గ లేదు, తర్వాత వద్దన్నా ఆగలేదు. అది కాగడా.

ఒక చూపులో

| రకం | స్వభావం | ప్రధానంగా పూసే కాలం | ఏటా కత్తిరించే వేళ | కుండీలో | పువ్వు దేనికి బాగు |
|---|---|---|---|---|---|
| గుండుమల్లె | పొద | మార్చి నుంచి జులై వరకు | నవంబరు చివర నుంచి డిసెంబరు | చాలా బాగా | పూలజడ, మాల, వాసన |
| దొంతర మల్లె | నెమ్మదిగా పెరిగే పొద | వేసవి, విడతలుగా | డిసెంబరులో, తేలికగా | బాగా | ఒంటి పువ్వుగా జడలో |
| సన్నజాజి | పాకే పొద | ఏప్రిల్, మే నుంచి వానలు పోయేదాకా | జనవరి చివర | పెద్ద కుండీలో, ఆసరాతో | దట్టమైన మాల |
| జాజి | బలమైన తీగ | జూన్ నుంచి నవంబరు వరకు | డిసెంబరు చివర | అంతంత మాత్రం | రాత్రి వాసన |
| కాగడా | గుబురు పొద | ప్రధానంగా చలికాలం | పూత ముగిశాక | బాగా | పూజ |

గుండుమల్లె: వేసవికి దీన్ని మించినది లేదు, కాని షరతు ఉంది

తెలుగు వేసవి పువ్వంటే ఇదే. ఎన్టీఆర్ జిల్లా మైలవరం ప్రాంతంలో రైతులు తోటలుగా పెంచేదీ, ఎండాకాలపు సాయంత్రాల్లో బండ్ల మీద మూరలుగా అమ్మేదీ, ఆడపిల్లలకు పూలజడ కుట్టేదీ ప్రధానంగా ఈ రకమే. ఒంటిరేకు నుంచి రెండు మూడు వరుసల రేకుల దాకా ఇందులో తేడాలున్నాయి; జడకు గుండ్రని మొగ్గ వచ్చేది కావాలంటే, పూత మీద ఉన్న మొక్కలో మొగ్గను చూసి తెచ్చుకోవడం మేలు.

మొక్క గట్టిది. మే నెల ఎండను తట్టుకుంటుంది, అడుగున్నర కుండీలో ఏళ్ల తరబడి ఒదిగి ఉంటుంది, నేలలో అయితే పదేళ్లకు పైగా పూస్తుంది. దాని షరతు ఒక్కటే: చలికాలంలో దానికి విశ్రాంతి ఇవ్వాలి. మా డాబా మీది గుండుమల్లెకు నేను ఏడాది పొడవునా పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను, పదిహేను రోజులకొకసారి పేడనీళ్లు పోశాను. అది నా భుజమెత్తు పెరిగింది. రెండు వేసవులు కలిపి దాని పూలు ఒక మూరకు కూడా సరిపోలేదు. మైలవరం దగ్గర మల్లెతోట ఉన్న మా పిన్ని కొడుకు వచ్చి చూసి, "కార్తీకంలో దీనికి నీళ్లెందుకు పోస్తున్నావక్కా? పడుకోనివ్వవా?" అన్నాడు. వాళ్ల తోటలో నవంబరులో తడి ఆపేస్తారు. ఆకులు వాడి రాలడం మొదలయ్యాక, కొందరు రైతులు మేకలనూ గొర్రెలనూ తోటలోకి తోలి మిగిలిన ఆకు మేపిస్తారు. ఆ తర్వాత కత్తిరింపు, ఎరువు, తడి.

ఇంట్లో మేకల పని మనం చేసుకోవాలి. నవంబరులో నీళ్లు బాగా తగ్గించి, నెలాఖరులోనో డిసెంబరులోనో నేలకు అడుగున్నర ఎత్తున కొమ్మలన్నిటినీ కోసి, లోపలికి పెరిగినవీ ఎండినవీ తీసేసి, మిగిలిన ఆకులను దూసేయాలి. చూడటానికి మోడులా ఉంటుంది, ఇంట్లోవాళ్లు చంపేశావంటారు. రెండు మూడు వారాలకు మట్టిని పైపైన గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి, ఎముకల పొడి కలిపి నీళ్లు మొదలుపెడితే, కణుపు కణుపునా లేత చిగురు వస్తుంది. నేలలో ఉన్న పెద్ద మొక్కకు పది కిలోల పశువుల ఎరువు ఏడాదికి సరిపోతుంది.

పూత వచ్చే తీరును దగ్గరగా చూస్తే కోతలో తప్పు చేయరు. కొత్త చిగురు కొసన మొగ్గలు సాధారణంగా మూడు కలిసి వస్తాయి. నడిమిది ముందు లావెక్కి తెల్లబడుతుంది, పక్కవి రెండూ ఇంకా ఆకుపచ్చగా, బియ్యపు గింజంత ఉంటాయి. తొందరలో గుత్తి మొత్తాన్ని గిల్లితే రేపటి రెండు పూలూ పోయినట్టే. నడిమి మొగ్గనే గోటితో తీసి, మిగతా రెంటినీ వాటి వంతు వచ్చేదాకా ఉంచాలి. మూడూ అయిపోయాక ఆ కొసను ఒక జత ఆకులతో సహా తుంచితే పక్క కణుపుల నుంచి రెండు చిగుర్లు లేస్తాయి, వాటితో మళ్లీ ఒక విడత పూత. వేసవిలో మూడు నాలుగు విడతలు రాబట్టడం ఈ తుంచడంలోనే ఉంది. మొగ్గలు సాయంత్రం నాలుగు, అయిదు గంటల ప్రాంతంలో కోస్తే, చీకటి పడేవేళకు జడలోనే విచ్చుకుంటాయి.

బాధలు కూడా చెప్పాలి. మొగ్గకు రంధ్రం పడి గూడు కట్టినట్టుంటే మొగ్గ తొలిచే పురుగు; మొగ్గ విచ్చకుండానే ఊదారంగుకు తిరిగి రాలిపోతుంటే మొగ్గ ఈగ. రెండిటికీ ఇంట్లో పనిచేసే మందు, చెడిన మొగ్గలను రోజూ ఏరి కుండీలో పడకుండా బయట నాశనం చేయడమే. ఈగ పిల్ల మట్టిలోకి దిగి అక్కడే పెరుగుతుంది కాబట్టి పైమట్టిని తరచుగా కదపాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను రెండు చుక్కల సబ్బు నీళ్లతో కలిపి వారానికొకసారి చల్లవచ్చు. ఆకు అడుగున సన్నని సాలెగూడు, పైన పసుపు చుక్కలు ఉంటే నల్లి. ఆకుల అడుగుకు నీటిని జోరుగా కొట్టాలి. బోరునీరు ఉప్పగా ఉండే ఇళ్లలో, సున్నపు నేలల్లో లేత ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలుస్తాయి. అది ఇనుము అందకపోవడం. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, చల్లని వేళలో ఆకుల మీద వారం ఎడంతో రెండు మూడు సార్లు చల్లితే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

దొంతర మల్లె

చిన్న గులాబీ అంత పువ్వు, పొరలు పొరలుగా రేకులు, ఒక్కటి పెట్టుకుంటే జడ నిండినట్టుంటుంది. అందానికి ఇది ముందు, లెక్కకు ఇది వెనుక. మొక్క నెమ్మదిగా పెరుగుతుంది, పూలు తక్కువ, మాలకు పనికిరాదు. వేసవి చివరి వానలకు పొరల మధ్య నీరు నిలిచి మొగ్గ గోధుమరంగుకు మారి కుళ్లుతుంది. అందుచేత కుండీలో పెంచి, వాన రోజుల్లో చూరు కిందికి జరుపుకోగలిగినవారికే ఇది బాగా కుదురుతుంది. గుండుమల్లెలాగా మోడు చేస్తే తేరుకోవడానికి చాలాకాలం పడుతుంది, కాబట్టి మూడోవంతుకు మించి కోయవద్దు. మొదటి మొక్కగా దీన్ని తేవడం నాకు ఇష్టం ఉండదు. రెండోదిగా అయితే తప్పకుండా.

సన్నజాజి

గుండుమల్లె పూత తగ్గే సమయానికి సన్నజాజి ఊపందుకుంటుంది. మొగ్గ సూదిలా సన్నం, అందుకే కొన్నిచోట్ల సూదిమల్లె అంటారు. తమిళనాడులో ముల్లై పేరుతో మాలలు కట్టేది దీన్నే. గుత్తికి చాలా పూలు వస్తాయి, వాసన మల్లె అంత ఘాటు కాదు. పాకే గుణం ఉన్నా తనంతట తాను గోడ ఎక్కదు. కిటికీ గ్రిల్లుకో తక్కువ ఎత్తు పందిరికో కొమ్మలను మనమే అల్లాలి.

దీనిలోని చిక్కు ఓపిక. గుండుమల్లె మూర కట్టడానికి పట్టే సమయానికి సన్నజాజి జానెడు కూడా కాదు. కోయడమూ అంతే, సాయంత్రం అరగంట కూర్చుని కోసేవారు ఇంట్లో ఉంటే ఈ మొక్క బంగారం, లేకపోతే పూలన్నీ నేలపాలు. కత్తిరింపు జనవరి చివర, సుమారు అడుగున్నర ఎత్తున. గుండుమల్లెకంటే నెలా రెండు నెలలు ఆలస్యంగా కోయాలన్న సంగతి మరిచి రెంటినీ ఒకే రోజు కోసేవారున్నారు. ఒకే వేసవిలో రెండూ ఉన్న ఇంట్లో ఈ తేదీల తేడా కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

జాజి

గేటు మీద కమాను, పెద్ద పందిరి, డాబా దాకా వెళ్లే తీగ కావలసినవారికి జాజి. పెరుగుదలలో మిగతావాటికి ఇది అందదు. రాత్రి విచ్చుకునే పువ్వు, ఆ వాసన వీధి మలుపు దాకా వస్తుంది; ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో అత్తరు పరిశ్రమ ఆశ్రయించిన మల్లె ఇదే జాతి. అయితే ఇది నిజానికి వానాకాలపు పువ్వు. ఏప్రిల్, మే నెలల్లో పూలు కోరుకుంటూ జాజి నాటితే నిరాశే. పైగా పువ్వు సున్నితం, పొద్దెక్కేసరికి వాడిపోతుంది. జడలో పెట్టుకుని మరుసటి రోజు శుభకార్యానికి పోదామనుకునేవారికి కాక, ఆరుబయట మంచం వేసుకునేవారికి తగిన మొక్క. కుండీలో బతుకుతుంది కాని దాని ఒడ్డూ పొడుగూ కుండీకి ఇమడదు.

పందిరి గుబురైతే పాములు చేరతాయన్న భయం చాలామందికి ఉంది. మల్లె వాసనకు పాములు వస్తాయనడానికి ఆధారం లేదు. పొద మొదట్లో ఎండుటాకులు పోగై, ఎలుకలూ కప్పలూ చేరితే వాటి కోసం రావచ్చు. మొదలు నుంచి అడుగు ఎత్తు దాకా కొమ్మలు తీసేసి నేల ఊడిస్తే ఆ చిక్కు లేదు.

కాగడా

వేసవి పూల జాబితాలో దీన్ని చేర్చడానికి కారణం, దీన్నే వేసవి మల్లె అనుకుని కొంటున్నారు కనుక. నక్షత్రంలా సన్నని రేకులు, దాదాపు వాసన లేని పువ్వు, చలికాలంలో విరివిగా పూత. మొండి మొక్క, కత్తెర వేయకపోయినా అలగదు, మరిచిపోయినా చావదు. పువ్వు కోసిన తర్వాత మల్లెకంటే ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి రోజూ పూజకు పూలు కోసుకునే ఇంట్లో దీనికి విలువ ఎక్కువ.

ఎవరికి ఏది

అపార్టుమెంటులో ఉండి, ఎండపడే బాల్కనీలో ఒకే ఒక కుండీకి చోటున్నవారికి గుండుమల్లె తప్ప నేను వేరే పేరు చెప్పను. అద్దె ఇళ్లు మారేవారికీ అదే, ఎందుకంటే డిసెంబరులో కత్తిరించిన మొక్కను ఆటోలో పెట్టుకుని వెళ్లవచ్చు. సొంత ఇల్లు, నాలుగడుగుల ఎడంతో రెండు గుంటలకు చోటు ఉన్నవారు గుండుమల్లె, కాగడా కలిపి నాటితే ఏడాదిలో ఎక్కువ నెలలు ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. గ్రిల్లు కూడా ఉంటే వానాకాలపు వెలితిని సన్నజాజి పూరిస్తుంది. ఇక్కడ జాజిని కాదని సన్నజాజిని చెప్పడానికి కారణం, ఇరుకు ఇళ్లలో జాజి మిగతా మొక్కల ఎండను మింగేస్తుంది.

ఎండాకాలంలోనే నెల రోజులు ఊరు వెళ్లేవారి సంగతి కష్టం. సరిగ్గా పూత మీద ఉన్న కుండీ మల్లె మే నెలలో మూడు రోజులు నీళ్లు లేకపోతే మొగ్గ రాల్చేస్తుంది. పక్కింటివారు నీళ్లు పోస్తామంటే సరే, లేకపోతే నేలలో నాటిన కాగడాతో సరిపెట్టుకోవడం లేదా వాసన ఆశ వదులుకుని బిళ్ళగన్నేరు పెంచుకోవడం మంచిది. చంటిపిల్లలున్న ఇంట్లో మామూలు గన్నేరు మాత్రం వద్దు. అది ఆకు నుంచి వేరు దాకా విషం.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు రెండు మాటలు. గుండుమల్లె గడ్డకట్టే చలిని ఓర్చుకోదు. టెక్సస్ ఉత్తర ప్రాంతంలోనైనా కుండీలోనే ఉంచి, మంచు పడే రాత్రులకు ముందే గరాజులోకో ఎండ వచ్చే కిటికీ దగ్గరకో చేర్చాలి. అక్కడి చలికాలం మొక్కకు ఎలాగూ విశ్రాంతి కాలమే కాబట్టి నీళ్లు తగ్గించి, వసంతానికి ముందు కత్తిరిస్తే చాలు. బ్రిటన్‌లో ఆరుబయట పెంచాలంటే జాజికి దగ్గర చుట్టమైన జాస్మినం అఫిసినాలే మంచి దారి. దక్షిణపు గోడకు ఆనుకుని చలిని తట్టుకుంటుంది, వేసవిలో పూస్తుంది, ఆకూ పువ్వూ జాజిని గుర్తుచేస్తాయి. స్టార్ జాస్మిన్ పేరుతో అక్కడ విరివిగా అమ్మే తీగ మాత్రం మల్లె కాదు, గన్నేరు కుటుంబానిది. ఆకు తుంచితే పాలు కారుతాయి. ఏ మల్లెకూ పాలు కారవు.

తెచ్చుకునేటప్పుడు

మన రెండు రాష్ట్రాల్లో అమ్మే మొక్కలు చాలావరకు కడియం, కడియపులంక నర్సరీల నుంచే వస్తాయి కాబట్టి, ఎక్కడ కొన్నా మొక్కలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా మీ చూపులోనే. పొడుగాటి ఒంటి కొమ్మ మీద నాలుగు మొగ్గలున్నదాన్ని వదిలి, మొదటి నుంచి మూడు కొమ్మలు చీలిన పొట్టి మొక్కను తీసుకోండి. ఆకు తిరగేసి అడుగున నల్లి, పిండినల్లి లేవని చూడండి. పూత మీద ఉన్న మొక్కను తెచ్చిన రోజే కుండీ మార్చకుండా, పూలు అయ్యేదాకా అదే కవరులో ఉంచి, తర్వాత వేరుముద్ద చెదరకుండా దించండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. కుండీ అడుగు రంధ్రం మీద పెంకు ముక్క. నల్లరేగడి ఉన్న పెరడైతే గట్టు పోసి దాని మీద నాటాలి.

మీ వీధిలో ఎవరి ఇంట్లోనైనా వేసవంతా గంపల కొద్దీ పూసే మల్లె ఉంటే, నర్సరీకి వెళ్లనక్కరలేదు. తొలకరి పడ్డాక వారినడిగి, నేలకు దగ్గరగా ఉన్న ముదురు కొమ్మను వంచి, ఒక కణుపు దగ్గర బెరడు కొద్దిగా గీసి, ఆ భాగాన్ని మట్టిలో పూడ్చి పైన ఇటుక పెట్టి అంటు తొక్కండి. రెండు మూడు నెలల్లో వేరు పట్టాక తల్లి మొక్క వైపు కొమ్మను కోసి, మరో వారం కదపకుండా ఉంచి తెచ్చుకోండి. దాని పేరేమిటన్న అనుమానం ఉండదు, ఎప్పుడు ఎంత పూస్తుందో మీరు ముందే చూసి ఉంటారు.